కుక్కపిల్లకన్నా ముందు ఫైలు కొనండి

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు నేను సెక్రటరీని. నాకు కుక్క లేదు, పెంచే ఓపికా లేదు. అయినా కుక్కల పంచాయితీలన్నీ నా గుమ్మం ముందుకే వస్తాయి. పెంచేవాళ్ల దగ్గర కాగితాలుండవు, వద్దనేవాళ్లకు చట్టం తెలియదు. అందుకే హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో కుక్కను పెంచుతామని ఎవరొచ్చినా, బెల్టు, గిన్నె కొనేముందు ఒక ప్లాస్టిక్ ఫైలు కొనుక్కోమంటాను.

మొదటి కాగితం కొన్న రోజుదే. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పట్టుమని నెల కూడా లేనిదాన్ని అట్టపెట్టెలో చూపించి, "పాలు పట్టండి సార్, అదే పెరుగుతుంది" అంటే డబ్బులు బయటికి తీయకండి. రిజిస్ట్రేషన్ నంబరు వేసి రసీదు ఇమ్మనండి. మాట దాటేస్తే అక్కడితో వదిలేయండి.

రెండోది టీకా పుస్తకం. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, డాక్టరు చెప్పినప్పుడు బూస్టర్, తర్వాత ఏటా ఒకటి. నేను చూసిన పుస్తకాల్లో సగం దేనికీ పనికిరావు. నీలం పెన్నుతో ఏదో గీసి ఉంటుంది, కింద గిలికిన సంతకం. అలా కాదు. టీకా సీసా మీది స్టిక్కర్ ఒలిచి ఆ గడిలో అంటించాలి, అందులో బ్యాచ్ నంబరు కనపడాలి. పక్కన వేసిన తేదీ, మళ్లీ రావాల్సిన తేదీ, డాక్టరు సంతకం, ఆయన రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర ఉండాలి. క్లినిక్‌లో ఉండగానే చూసుకోండి. ప్రైవేటు ఖర్చు భారమనుకుంటే నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆస్పత్రి ఉంది.

మూడోది లైసెన్సు. మున్సిపల్ కార్పొరేషన్‌లో కుక్కను రిజిస్టర్ చేయించాలి. టీకా సర్టిఫికెట్, మీ గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, కుక్క ఫొటో స్కాన్ చేసి ఉంచుకుంటే ఈ పని పెద్ద టెన్షన్ కాదు. టీకాతో పాటే దీన్నీ ఏటా గుర్తుపెట్టుకోండి.

ఇక అసోసియేషన్ సంగతి. నేను సెక్రటరీనైనా నిజం చెప్పాలి: మీటింగ్ పెట్టి, మెజారిటీతో చేతులెత్తి, "మా బిల్డింగ్‌లో కుక్కలు వద్దు" అని తీర్మానం చేయడం కుదరదు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 నాటి మార్గదర్శకాల్లోనే ఈ మాట ఉంది. లిఫ్టు వాడొద్దనకూడదు, దాని పేరు మీద అదనపు మెయింటెనెన్స్ వసూలు చేయకూడదు, మొరుగుతోందని ఖాళీ చేయమనకూడదు. మా మూడో అంతస్తు పెద్దాయన రిటైర్డ్ ఆఫీసరు. 23 జాతుల కుక్కల్ని నిషేధించారంటూ 2024 మార్చి నాటి కేంద్ర సర్క్యులర్ ప్రింటవుట్ పట్టుకొచ్చారు. "అంకుల్, దాన్ని ఆ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది" అన్నాను. "అయితే మనది తెలంగాణ కదమ్మా" అన్నారు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా బిల్డింగ్‌లో లేరు.

అయితే హక్కుంది కదా అని పెంచేవాళ్లు రెచ్చిపోవద్దు. పొద్దున స్కూలు బస్సు వేళ లిఫ్టు నిండా పిల్లలుంటే తర్వాతి లిఫ్టుకు ఆగండి. ఎక్కాక బెల్టు కురచగా పట్టుకుని, కుక్కను మూలకు నిలబెట్టి, దానికీ మనుషులకూ మధ్య మీరు నిలబడండి. కుక్క పెంట ఎత్తడానికి కవరు జేబులో పెట్టుకోకుండా కిందికి దిగొద్దు. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరికైనా ప్రమాదమైతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా పడొచ్చు. పళ్లు దిగితే గొడవ తర్వాత, ముందు సబ్బుతో ధారగా నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆరోజే టీకాకు వెళ్లాలి. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

ఆఫీసుకెళ్తూ బాల్కనీలో కురచ గొలుసుతో రోజంతా కట్టేసి వెళ్లడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలే, పార్కింగ్ ఫీజు అంతకంటే ఎక్కువ! ఊరొదిలి వెళ్తూ కుక్కను రోడ్డు మీద వదిలేసినా ఇదే చట్టం వర్తిస్తుంది.

వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్లకు ఒక మాట. 2023 నాటి నిబంధనల ప్రకారం వాటికి చోటూ వేళా అసోసియేషనే చూపించాలి, అదీ మెట్లకూ గేట్లకూ పిల్లలు ఆడుకునే చోటుకూ దూరంగా. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దని, నిర్ణయించిన చోటే పెట్టాలని చెప్పింది. కాబట్టి గేటు ముందు పెరుగన్నం ఆపి, సెక్రటరీకి రాతపూర్వకంగా చోటు అడగండి.

కుక్క బాధ మాకెందుకు, చిలకను పెంచుకుంటాం అనేవాళ్లు ఇంకా పెద్ద చిక్కులో పడతారు. మన పచ్చ రామచిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, నక్షత్ర తాబేలు సంగతీ అంతే. బడ్జీలు, కాక్‌టియెల్‌ల వంటి విదేశీ చిలకలతో ఆ ఇబ్బంది లేదు. ఇంట్లో ఇప్పటికే రామచిలక ఉంటే భయపడి చెట్టు మీద వదిలేయకండి, రెక్కలు కత్తిరించినది పిల్లుల పాలవుతుంది. అటవీ శాఖకు అప్పగించి, ఇచ్చినట్టు కాగితం తీసుకుని అదే ఫైల్లో పెట్టుకోండి.