దుబాయ్ పని వీసా: డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

జగిత్యాల నుంచైనా, కడప నుంచైనా, కోనసీమ నుంచైనా దుబాయ్ బయల్దేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది ఒకసారి చదవండి.

– ఏజెంట్‌కు లైసెన్సు ఉందో లేదో భారత ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. ఏజెంట్ తీసుకోగల సర్వీసు చార్జి ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే ఇవ్వకండి. రసీదు తప్పకుండా తీసుకోండి.

– "ముందు విజిట్ వీసా మీద వచ్చేయ్, అక్కడ మారుస్తాం" అంటే ససేమిరా ఒప్పుకోకండి. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొట్టినా నోరు విప్పడానికి భయపడాల్సి వస్తుంది. పొలం తాకట్టు పెట్టి వెళ్లినవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

– ఆఫర్ లెటర్ చదవకుండా సంతకం వద్దు. చదవడం రాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి. బేసిక్ జీతం ఎంతో విడిగా చూడండి, పని మానేసేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ దాని మీదే లెక్కిస్తారు. వర్క్ పర్మిట్ ఖర్చు యజమానే భరించాలి, మీరు కాదు.

– పది పాస్ కాకపోతే మీది ఈసీఆర్ పాస్‌పోర్టు అయి ఉంటుంది, అంటే దుబాయ్ లాంటి చోటికి పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్), 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండాల్సిందే.

– అన్ని కాగితాల జిరాక్సులు ఇంట్లో అమ్మకో భార్యకో ఇచ్చి వెళ్లండి.