ఎన్‌డీ ఫిల్టర్‌తో తీస్తే ఫొటోలో ఊదా మరక: నాకు పనిచేసిన పద్ధతి

ధవళేశ్వరం బ్యారేజీ దిగువన, మిట్టమధ్యాహ్నం ఎండలో పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురును సుమారు వెయ్యో వంతుకు తగ్గించే నల్లటి గాజు) పెట్టి నీళ్లు తీస్తే ఫొటో మధ్యలో ఊదా మరక వచ్చేది. లెన్సు తుడిచినా, వైట్ బ్యాలెన్స్, ఫిల్టర్ మార్చినా పోలేదు. వెలుతురు దూరుతున్నది వెనక నుంచి, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ గుండా. ఫొటో తీసేటప్పుడు కెమెరా లోపలి అద్దం పైకి లేచినా సందులు పూర్తిగా మూసుకోవు.

ట్రైపాడ్ మీద, ఫిల్టర్ లేకుండానే ఫోకస్ చేసి ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్) మార్చాలి. ఐఎస్ఓ 100, ఎఫ్/11 దగ్గర కెమెరా మీటర్ 1/200 సెకను చూపితే సుమారు వెయ్యితో గుణించాలి: 5 సెకన్లు. మాన్యువల్ మోడ్‌లో అదే పెట్టాలి. ఫోకస్ రింగు కదలకుండా ఫిల్టర్ బిగించాలి. ఆపైన, అసలు కీలకం ఇదే, ఐపీస్ (వ్యూఫైండర్‌లో కన్ను పెట్టే చోటు) మీద నల్ల టేపు అంటించి టైమర్‌తో తీయాలి.

ఇది లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాలకే. అద్దం లేని మిర్రర్‌లెస్‌లో మరక వస్తే ఫిల్టర్ హోల్డర్ సందు చూడండి. ఫొటో మొత్తం ఎర్రబారితే మాత్రం అది ఫిల్టర్ రంగే కావచ్చు, టేపుతో పోదు.