బిగబట్టి కొలిస్తే లెక్కలోకి రాదు

నలభై రెండేళ్లకు నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా అంటే షుగర్ గుమ్మంలో నిలబడ్డట్టే. ముందు టేపు తీసి బొడ్డు చుట్టూ కొలవండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. నాది 98. పొట్ట బిగబడితే 94, అది చెల్లదంది మా ఆవిడ.

అన్నం మానలేదు, వరస మార్చాను. మొదట గిన్నెడు బీరకాయ కూర, తర్వాత ముద్దపప్పు, ఆఖరున హస్తంతో ఒక్కసారే అన్నం. పెరుగన్నం కోసం మళ్లీ వడ్డించుకోవడమే నా అసలు జబ్బు. ఇప్పుడు మజ్జిగ గ్లాసులో పోసుకుని తాగేస్తున్నాను. టీలు ఆరు కాస్తా రెండయ్యాయి, చక్కెర లేకుండా.

రాత్రి తినగానే టీవీ ముందు కూర్చోకుండా పావుగంట నడవండి. కండరాలు కదిలితే రక్తంలో గ్లూకోజును అవే వాడుకుంటాయి. మొన్నటి పరీక్షలో నా హెచ్‌బీఏ1సీ 5.8.