జనరల్ సోస్ చికెన్: ఇంట్లో చేసుకోవడం ఎలా

ముందే చెప్తున్నా, ఇక్కడ సోస్ అంటే సాస్ కాదు. 19వ శతాబ్దంలో చైనాలోని హునాన్ నుంచి వచ్చిన సేనాని జువో జోంగ్‌టాంగ్ పేరు అమెరికా వాళ్ళ నోట్లో పడి అలా తయారైంది. ఆయన 1885లోనే పోయారు, ఈ వంటకం వాసన కూడా చూసి ఉండరు. మన చికెన్ మంచూరియాకి ఇది దూరపు చుట్టంలా ఉంటుంది గానీ ఇందులో ఉల్లిపాయ, క్యాప్సికం వెయ్యకండి.

అరకిలో బోన్‌లెస్ తొడ ముక్కలు తీసుకోండి, బ్రెస్ట్ అయితే ఎండిపోయి పీచులా అవుతుంది. అంగుళం ముక్కలు కోసి చెంచా సోయాసాస్, ఒక గుడ్డు తెల్లసొన, కాస్త మిరియాలపొడి పట్టించి 20 నిమిషాలు ఉంచాలి. తర్వాత ముప్పావు కప్పు కార్న్‌ఫ్లోర్‌లో దొర్లించాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు షాపులో కార్న్‌స్టార్చ్ అని చూసి కొనండి, అక్కడ కార్న్‌ఫ్లోర్ అంటే పసుపు రంగు మొక్కజొన్న పిండి ఇస్తారు. ముక్కలు నానిన రసం రెండు చుక్కలు ఆ పొడి పిండిలో చల్లి వేళ్ళతో నలిపితే చిన్న చిన్న ఉండలు కడతాయి, అవి ముక్కలకు అంటుకుని వేగాక భలే కరకరలాడతాయి.

రెండుసార్లు వేయించాలి, బద్ధకించొద్దు. మొదట మధ్యస్థం మంట మీద మూడు నాలుగు నిమిషాలు వేయించి తీసి ఐదు నిమిషాలు వదిలేస్తే లోపలి తడి పైకొచ్చి పూత మెత్తబడుతుంది, అప్పుడు పెద్ద మంట మీద ఇంకో నిమిషం వేయిస్తే ఆ తడి ఎగిరిపోయి పెళుసుగా వస్తుంది.

సాస్‌కి రెండేసి పెద్ద చెంచాల సోయాసాస్, వెనిగర్, చక్కెర, అరకప్పు నీళ్ళు, ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి పెట్టుకోండి. చక్కెర దగ్గరే అసలు గొడవంతా. 1950లలో తైవాన్‌లో దీన్ని కనిపెట్టిన హునాన్ వంటవాడు పెంగ్ చాంగ్-కుయ్ చక్కెర వేసేవాడే కాదు, పులుపు, ఉప్పు, కారం, అంతే. తీపి, కరకరలాడే పూత న్యూయార్క్ వంటవాళ్ళు కలిపినవి. 1973లో పెంగ్ అక్కడ సొంతంగా రెస్టారెంట్ తెరిచేసరికే ఆ వంటకం వేరేవాళ్ళ మెనూల్లో ఉంది. అమెరికా వాళ్ళ కోసం ఆయనా చక్కెర వెయ్యడం మొదలుపెట్టాడు. తర్వాత 1990లో హునాన్‌లోని చాంగ్షాలో పెడితే సొంత ఊరి జనమే మరీ తియ్యగా ఉందన్నారు, పాపం. నేనైతే ఒకటిన్నర చెంచాతో ఆపేస్తాను.

బాణలిలో రెండు చెంచాల నూనె వేసి, గింజలు దులిపిన ఎండుమిరపకాయలు ఏడెనిమిది ముదురు ఎరుపు తిరిగేదాకా వేయించాలి. నల్లబడితే చేదు, పారబోసి మళ్ళీ మొదలెట్టాల్సిందే. గుంటూరు మిరపకాయలైతే నాలుగు చాలు. సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి వేసి (పేస్టు వద్దు, అడుగంటుతుంది) పచ్చివాసన పోయాక సాస్ పోసి గరిటెకి పట్టేంత చిక్కబడనిచ్చి ముక్కలు వేసి అర నిమిషంలో దించెయ్యండి. మొదటిసారి నేను ఫోన్ మాట్లాడుతూ స్టవ్ మీదే వదిలేశాను, అంత కష్టపడి వేయించిన ముక్కలు నానబెట్టిన బజ్జీల్లా అయ్యాయి.

పక్కన వేడి అన్నం, ఆవిరి మీద ఉడికించిన బ్రకోలీ. మిగిలితే మర్నాడు మైక్రోవేవ్ జోలికి పోకుండా ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రయర్‌లోనో వేడి చేసుకోండి.