మంద, బారు, ఈత: జంతువుల గుంపులకు ఇంగ్లీషు పేర్లు నేర్పే పద్ధతి

ఆరో తరగతి పిల్లలకు ముప్పై పేర్ల పట్టిక ఇచ్చి బట్టీ పట్టిస్తే పరీక్ష అయిపోయిన వారానికే మరచిపోతారు. వరంగల్, ములుగు వైపు పల్లెల్లో పెరిగే పిల్లలకు ఈ తేడాలు ఇంటి మాటల్లో ముందే తెలుసు. గొర్లది మంద, కొంగలది బారు, మిడతలది దండు, కుక్కపిల్లలది ఒక ఈత, ఎడ్లది కాడి. ఆ మాటల పక్కన ఇంగ్లీషు మాటను నిలబెట్టడమే మన పని.

మొదటి రోజు మూడే మాటలు చెప్పండి. బర్రెలు, ఆవులు, జింకలు, ఏనుగుల వంటి పెద్ద మేత జంతువులది హర్డ్. గొర్లు, పిట్టలది ఫ్లాక్. కోతలయ్యాక పొలాల్లో దింపే బాతుల మంద కూడా ఫ్లాకే. తోడేళ్లది, ఊళ్లో గుంపు కట్టి తిరిగే కుక్కలది ప్యాక్. మేకల దగ్గర పిల్లలు ఆగిపోతారు. వాటికి హర్డ్, ఫ్లాక్ రెండూ సరైనవే, ఏది రాసినా మార్కు ఇవ్వాలి. హర్డ్ స్పెల్లింగులో ‘ఎ’ అక్షరం చేర్చి ‘విన్నాను’ అనే మాట రాసేవాళ్లు చాలామంది. రెండూ పలకడానికి ఒకటే కాబట్టి ఈ మాటను చెప్పి రాయించడం చాలదు, బోర్డు మీద చూపించి రాయించాలి.

రెండో రోజు పుట్టుకకు సంబంధించినవి. ఒక్క ఈతలో పుట్టిన కుక్కపిల్లలు, పిల్లికూనలు, పందిపిల్లలది లిట్టర్. కోడి ఒకసారి పొదిగి లేపిన పిల్లలది బ్రూడ్. నిఘంటువు తెరిస్తే లిట్టర్‌కు ‘చెత్త’ అనే అర్థం కూడా కనిపిస్తుంది. ఆ రెండో అర్థాన్ని మీరే ముందుగా చెప్పేయండి. మేడారం బండ్లకు కట్టే ఎడ్ల జతకు యోక్ అనాలి. యోక్ అంటే రెండే, మూడు యోక్‌లంటే ఆరు ఎడ్లు. గుడ్డులోని పచ్చసొనకూ అదే ఉచ్చారణ, స్పెల్లింగే వేరు.

మూడో రోజు పాఠానికి ఎక్కువ సమయం పెట్టుకోండి. ఇక్కడ పేరు జంతువును బట్టి కాక, అది చేస్తున్న పనిని బట్టి మారుతుంది. పట్టులో కాపురమున్న తేనెటీగలు కాలనీ, పట్టు విడిచి గుంపుగా లేచినవి స్వార్మ్. పాకాల, రామప్ప చెరువుల్లో ఊరికే కలిసి తిరిగే చేపలు షోల్, ఒకే దిక్కుకు ఒకే తీరుగా ఈదేవి స్కూల్. వలలో పడ్డాక మాత్రం రెండూ కాదు, క్యాచ్. చేపల స్కూలుకూ బడికీ సంబంధం లేదు. చేపల మాట గుంపు అనే అర్థమున్న డచ్చి మాట నుంచి వచ్చింది, బడి మాట లాటిన్ నుంచి. హంసబాతులు నేల మీద ఉంటే గ్యాగుల్, ఆకాశంలో బారు కడితే స్కేన్. కొంగల బారు తెలిసిన పిల్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మన ఇళ్ల మీద పడే కోతులది ట్రూప్.

కాకులకు ‘మర్డర్’ అని క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. 1486లో ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌లో అచ్చయిన వేట పుస్తకంలో ఇలాంటి పేర్ల జాబితా ఉంది. సింహాల ‘ప్రైడ్’ కూడా అందులోదే, అది నేటికీ శాస్త్రజ్ఞుల వాడుకలో నిలిచింది. కాకులకు మాత్రం వాళ్లు ఫ్లాక్ అనే అంటారు. వ్యాసంలో ఫ్లాక్ రాయించండి, మర్డర్ క్విజ్‌కే ఉంచండి.

నాలుగో రోజు వాక్యాలు. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. గుంపు ఒక్కటైతే క్రియ ఏకవచనం: ‘ఎ హర్డ్ ఆఫ్ బఫెలోస్ ఈజ్ గ్రేజింగ్’. పిల్లలు పక్కనున్న ‘బఫెలోస్’ను చూసి ‘ఆర్’ రాస్తారు. ‘హర్డ్’ కింద గీత గీయించి, ఆ గీత మీది మాటకే క్రియ కలపమనండి. బ్రిటిష్ వాడుకలో కొన్నిచోట్ల బహువచనం కనిపించినా, మన పరీక్షలకు ఏకవచనమే క్షేమం. షీప్, డీర్, క్యాటిల్ మాటలకు చివర ‘ఎస్’ చేర్చకూడదు. గుంపు పేరు లేకుండా క్యాటిల్ ఒక్కటే వస్తే క్రియ ఎప్పుడూ ‘ఆర్’.

ఐదో రోజు పన్నెండు అట్టముక్కల మీద జంతువు పేరు కాకుండా దృశ్యం రాయండి: ‘గంప కింద కోడిపిల్లలు’, ‘చెరువు గట్టున బర్రెలు’, ‘వలలో చేపలు’. ముక్క తీసిన పిల్ల ఇంగ్లీషు మాట ఒక్కటే చెబితే సరిపోదు, పూర్తి వాక్యం చెప్పాలి. తప్పిన ముక్కలను వేరే పెట్టి, మరునాడు వాటితోనే మొదలుపెట్టండి.