సబ్‌మెరీన్ దగ్గర మొదలుపెట్టండి: కష్టమైన ఇంగ్లిష్ మాటలు గుర్తుండాలంటే

మన విశాఖపట్నం ద్వారకా నగర్‌కి కోచింగ్ కోసం వచ్చే పిల్లలు చాలామంది రోజుకి యాభై మాటలు రాసుకుని, ఒక్కోదాని పక్కన ఒక్కో అర్థం పెట్టుకుని బట్టీ పడుతుంటారు, వారం తిరిగేసరికి సగం కూడా మిగలవు. నేనూ రెండేళ్లు అదే చేశాను. దయచేసి మీరు చెయ్యొద్దు.

ముందు మాటని ముక్కలుగా విడదీసి చూడండి. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరీన్ చూసే ఉంటారు కదా, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. సబ్ అంటే కింద, మెరీన్ అంటే సముద్రానికి చెందినది, రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. ఆ సబ్ పట్టుకుంటే నీట మునగడానికి సబ్‌మర్జ్, భూమి అడుగున ఉండేదానికి సబ్‌టెరేనియన్, వరదో కోపమో నెమ్మదిగా తగ్గడానికి సబ్‌సైడ్ వరసగా దొరుకుతాయి.

తర్వాత తెలుగులో సరిగ్గా సరిపోయే మాట వెతకాలి, అసలు పని ఇదే. ఫ్రూగల్ అంటే పొదుపరి, స్టింజీ అంటే పిసినారి. ఇద్దరూ ఆచితూచి ఖర్చుపెట్టేవాళ్లే, కానీ ఇంటర్వ్యూలో మీ నాన్నగారిని స్టింజీ అన్నారంటే తిట్టినట్టే. నటోరియస్ అంటే ఫేమస్ అని రాసుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో! పేరుమోసిన దొంగ అంటామే, అదీ నటోరియస్, పేరున్న డాక్టర్‌కి వాడకూడదు.

మిటిగేట్ సంగతి మన ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది, తుఫానుని ఆపడం ఎవరి తరమూ కాదు కాబట్టి అక్కడ ప్రివెంట్ కుదరదు, తీరం వెంబడి జనాన్ని ముందే తరలించి నష్టం తగ్గించారు చూడండి, అది మిటిగేట్. దీని పక్కన రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్ లాంటివి వస్తాయి. అవీ కలిపి రాసుకోండి, అర్థం తెలిసినా పక్కన ఏం పెట్టాలో తెలియకే చాలామంది వాక్యం మధ్యలో ఆగిపోతారు.

పలకడం కూడా ముఖ్యం. నిలువెత్తు ఉదాహరణ అని చెప్పే epitomeని స్పెల్లింగ్ చూసి ఎపిటోమ్ అనేస్తారు, అది ఇపిటమీ. ఫోన్‌లో విని తెలుగులో రాసి పెట్టుకోండి.

రోజుకి అయిదు మాటలు చాలు. మరుపు మీద ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్ట్ తన మీదే చేసుకున్న ప్రయోగాలు 1885లో అచ్చయ్యాయి, నేర్చుకున్న మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ మరిచిపోతామని వాటిలో తేలింది. అందుకే మొదటి రివిజన్ అదే రాత్రి, తర్వాత మర్నాడు, వారానికి, నెలకి. అర్థాన్ని చేత్తో మూసి, గుర్తు తెచ్చుకున్నాకే చూడాలి. ఆ రోజు మాటతో మీ ఇంట్లోవాళ్ల గురించే ఒక వాక్యం రాసి ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో పంపండి: మై గ్రాండ్‌మదర్ ఈజ్ ఫ్రూగల్, నాట్ స్టింజీ.