సంరక్షణ గృహంలోని బిడ్డను ఇంటికి తెచ్చుకోవడానికి: మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ దరఖాస్తు విధానం

అనాథాశ్రమాలని మనం పిలుచుకునే బాలల సంరక్షణ గృహాల్లో ఉన్నవారందరూ తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలు కారు. భర్త పోయాక కూలిపనితో ముగ్గురిని సాకలేని తల్లి కన్నీళ్లతో అప్పగించిన పిల్లలు, అమ్మమ్మో మేనమామో ఉండి కూడా వారికి స్తోమత లేక వచ్చి చేరిన పిల్లలు అక్కడ ఉంటారు. కేవలం పేదరికం వల్ల ఇంటికి దూరమైన ఇటువంటి బిడ్డ తిరిగి తనవాళ్ల దగ్గర పెరగడానికి, బాలల న్యాయ చట్టం, 2015లోని 45వ సెక్షన్ ఆధారంగా స్పాన్సర్‌షిప్ అనే ఆర్థిక సాయం అందుతుంది. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద ఎంపికైన ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000 చొప్పున, గరిష్ఠంగా 18 ఏళ్లు నిండే వరకు ఇస్తారు. గృహంలో చేర్చక ముందే, ఆ అవసరం రాకుండా చూడటానికీ ఇదే సాయం కోరవచ్చు. నిజానికి అదే మేలైన దారి.

తల్లి వితంతువైనా, భర్త వదిలేసినదైనా, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో బాధపడుతున్నా, అనాథ బిడ్డ బంధువుల ఇంట పెరుగుతున్నా దరఖాస్తు చేసుకోవచ్చు. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో రూ.72,000, పట్టణాల్లో రూ.96,000 మించకూడదు.

దరఖాస్తును జిల్లా బాలల పరిరక్షణ విభాగం కార్యాలయంలో ఇవ్వాలి. బిడ్డ ఇప్పటికే గృహంలో ఉంటే, ఆ గృహం సూపరింటెండెంటుకు లేదా బాలల సంక్షేమ కమిటీకి మీ కోరికను రాతపూర్వకంగా తెలియజేయండి. బిడ్డను ఇంటికి పంపే ఉత్తర్వు ఇవ్వవలసింది ఆ కమిటీయే కనుక, వారికి చెప్పకుండా బిడ్డను తీసుకువెళ్లడం తగదు. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు పిల్లల సహాయవాణి నంబరు 1098కు ఫోన్ చేస్తే దారి చూపుతారు.

బిడ్డ జనన ధ్రువీకరణ పత్రం, బిడ్డ, సంరక్షకుల ఆధార్ కార్డులు, ఆదాయ ధ్రువీకరణ పత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలు సాధారణంగా అడుగుతారు. తండ్రి లేదా తల్లి మరణించి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం కూడా కావాలి, ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. ఆధార్‌లో ‘వెంకటేశ్వర్లు’ అని, మరణ పత్రంలో ‘వెంకటేశు’ అని ఉంటే ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవడానికి ఆ తల్లి రోజు కూలి మానుకుని ఎన్నిసార్లు తిరగాలో ఊహించండి. అందుకే పత్రాలన్నీ పక్కపక్కన పెట్టి పేర్లు, ఇంటిపేర్లు, పుట్టిన తేదీలు ఒక్కొక్కటిగా సరిచూసుకున్నాకే దరఖాస్తు ఇవ్వండి. మరణం జరిగి ఏడాది దాటినా నమోదు కాకపోతే మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమవుతుంది కాబట్టి, ఆ పని అన్నింటికన్నా ముందు మొదలుపెట్టాలి.

దరఖాస్తు అందాక సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి, బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, బడి ఎంత దూరం, పెద్దలు పనికి వెళ్లినప్పుడు ఎవరు చూసుకుంటారు అని అడిగి విచారణ నివేదిక రాస్తారు. ఇది మీ పేదరికానికి పెట్టే పరీక్ష కాదు. ఇల్లు చిన్నదని సిగ్గుపడకుండా, అప్పులతో సహా ఉన్నది ఉన్నట్లు చెప్పండి. సంక్షేమ కమిటీ బిడ్డ మాట కూడా వింటుంది. ఏళ్ల తరబడి గృహంలో ఉన్న పిల్లలకు ఇంటికి వెళ్లాలంటే ఆశతో పాటు భయమూ ఉంటుంది గనుక, ఆ ముందు నెలల్లో వీలైనన్నిసార్లు వెళ్లి కలుస్తూ ఉండండి.

‘స్పాన్సర్‌షిప్, పెంపుడు సంరక్షణ ఆమోద కమిటీ’ సాయాన్ని మంజూరు చేశాక సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఎవరైనా మధ్యవర్తి డబ్బు అడిగితే ఇవ్వకుండా జిల్లా బాలల పరిరక్షణ అధికారికి తెలియజేయాలి. బిడ్డ బడికి సక్రమంగా వెళ్లకపోతే సాయాన్ని సమీక్షించి నిలిపివేయవచ్చు; ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఇందులో మినహాయింపు ఉంది. పనికోసం వేరే ఊరికి వలస వెళ్లవలసి వస్తే, బయలుదేరే ముందే కార్యాలయానికి కొత్త చిరునామా, చేర్చబోయే బడి పేరు రాసి ఇవ్వండి.